కంటి మీద జిగురు చుక్క

"ఇడువకున్రి సార్! చేతులు తీసిన్రంటే మనిషి దక్కడు!"

ఆర్.ఎం.పి. డాక్టర్ పెంటయ్య అరుపుకి కొమురెల్లి రెండు అరచేతుల్నీ ఇంకా బలంగా అదిమాడు. ఆ చేతుల కింద మొండయ్య భుజం. భుజం మీద జానెడు కత్తి గాయం. మడిచి పెట్టిన తువాలు ఎప్పుడో తడిసిపోయింది. వేళ్ల సందుల్లోంచి వెచ్చటి నెత్తురు మోచేతుల దాకా కారుతోంది.

బయట జగిత్యాల ఊపిరి బిగపట్టుకుని ఉంది. బంద్. గడియారం టవర్ చుట్టూ షట్టర్లన్నీ దిగిపోయాయి. నిన్న నక్సలైట్లు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌ని పేల్చేశారు. కరీంనగర్ రోడ్డు మీదా, వేములవాడ రోడ్డు మీదా చెట్లు నరికి అడ్డంగా పడేశారు. ఫోన్ లేదు, బస్సు లేదు, అంబులెన్స్ ఊసే లేదు. 1997లో ఆ జిల్లాలో ఇలాంటి రోజు వస్తే జనం గాయాల్ని కూడా రేపటికి వాయిదా వేసుకునేవాళ్లు.

మొండయ్య గాయం వాయిదాకి ఒప్పుకునేది కాదు.

మల్లాపూర్ రైతు మొండయ్య. ఆరేళ్లు దుబాయ్‌లో డ్రైవరు. తిరిగొచ్చాక ఊళ్లో వ్యవసాయం, చాటుగా ఇంటెలిజెన్స్‌కి వేగు. కొమురెల్లికి ఈ ప్రాంతంలో అతనే కళ్లు, అతనే చెవులు. ఇక కొమురెల్లి సంగతి. చూసినవాళ్లకి అతనొక లుంగీల బేరగాడు. భుజాన శాంపిల్ మూట, నోట్లో బీడీ. హైదరాబాద్ హెడ్ క్వార్టర్స్‌లో మాత్రం అతను స్పెషల్ ఏజెంట్.

"తగ్గింది సార్," అన్నాడు పెంటయ్య తువాలు అంచు ఎత్తి చూస్తూ. "నెత్తురు ఆగింది. ఇగ కుట్లెయ్యాల్సిన పని గూడ లేదు. కొత్త మందచ్చింది."

అతను అల్మారాలోంచి తీసిన వస్తువుని చూసి కొమురెల్లి కళ్లు చిన్నవయ్యాయి. చిటికెన వేలంత సీసా. నీలం మూత.

"ఎక్కడిదది?"

"సిరిసిల్ల కంటి క్యాంపోళ్లు శాంపిలని పంపిన్రు. జిగురు సార్! గాయం నోరు రెండు దిక్కులకెళ్లి దగ్గరికి పట్టి పైన రాస్తే గంతే, సూది లేదు, దారం లేదు."

ఆ సీసా కోసమే కొమురెల్లి ఈ జిల్లాకి వచ్చాడు. మూడు రోజుల కిందట చీఫ్ ఇచ్చిన బ్రీఫింగ్ చెవుల్లో ఇంకా మోగుతోంది.

"మన ల్యాబ్ తయారు చేసిన టిష్యూ అడ్హెసివ్. కోడ్ నేమ్ అతుకు. గాయం అంచులు కలిపి పైన రాస్తే నిమిషంలోపు పొర కడుతుంది. నెత్తురు కారదు. కంటిపాప ముందున్న పొరకి చిన్న చిల్లు పడితే దాన్ని కూడా మూసేస్తుంది. సరిహద్దులో సైనికుడికి ఇది ప్రాణం."

"శత్రువెవరు సార్?"

"జలగ. విదేశీ ముఠా. వాళ్ల దగ్గరా ఇలాంటి సరుకే ఉంది. మనది ఫెయిలైతే సైన్యం వాళ్లదే కొనాలి."

"ఫెయిలవుతుందా?"

"అవదు. చేయిస్తారు. కెమెరా ముందు. వాళ్ల మనిషి సిరిసిల్లలో దీన్ని పరీక్షించే మన ట్రయల్స్ బృందంలోనే ఉన్నాడు. ముఠాలో వాణ్ని బల్లి అంటారు. గోడకి అతుక్కునే ఉంటాడు, చూసేవాడికి గోడే కనిపిస్తుంది. వాణ్ని పట్టుకో."

పెంటయ్య సీసా మూత తిప్పాడు. నెత్తురు తడికి అతని వేళ్లలో సీసా నిలవలేదు. ఒక చుక్క జారి ట్రేలో ఉన్న దూది ఉండ మీద పడింది.

సుయ్యిమంది.

దూదిలోంచి తెల్లటి పొగ లేచింది. కళ్లు మండే వాసన. పెంటయ్య ఉండని పట్టుకోబోయి, కాలి, కెవ్వుమని వదిలేశాడు.

"గిదేంది సార్! దూది కాలుతంది!"

కొమురెల్లి సీసా లాక్కున్నాడు. లేబుల్ అదే. మూత అదే. లోపల సరుకు వేరు. ల్యాబ్‌లో సైంటిస్టు ఒకాయన అతనికి చేసి చూపించాడు. ఒంటికి వాడే జిగురు నెమ్మదస్తురాలు, వేడి పుట్టించకుండా గడ్డకడుతుంది. రబ్బరూ ఇనుమూ అతికించే ఫ్యాక్టరీ జిగురు దానికి చుట్టమే, కానీ పెంకిది. నూలు తగిలితే చాలు, భగ్గున వేడెక్కి పొగ కక్కుతుంది. పచ్చి గాయంలో పోస్తే మాంసాన్ని కాల్చి, విషమై కూర్చుంటుంది.

"సూదీ దారం తియ్యి పెంటయ్యా. పాత పద్ధతిలనే కుట్టు."

మొండయ్య కళ్లు తెరిచాడు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"సార్... డబ్బాలు మార్చిన్రు. అసలువి కోరుట్లల బాలలక్ష్మి తాన ఉన్నయ్. రేపు బొంబాయి పోతయట, ఆడికెళ్లి దుబాయ్. నకిలీవి క్యాంపుకు పోయినయ్. బల్లి... క్యాంపులనే ఉన్నడు సార్."

"ఎవడు? పేరు?"

"మొఖం చూడలే. ఎన్కకెళ్లి పొడిసిన్రు." మొండయ్య మంచి చెయ్యి కొమురెల్లి మణికట్టుని పట్టుకుంది. "నా సంగతి ఇడిశిపెట్టున్రి. నా బిడ్డ సార్... భూదేవి."

కొమురెల్లికి తెలుసు. మొన్న సిరిసిల్ల బస్సు పోతుంటే కల్వర్టు కింద మందుపాతర పేలింది. బస్సుకి పెద్దగా ఏం కాలేదు, అద్దాలు మాత్రం పగిలాయి. గాజు ముక్క ఒకటి భూదేవి ఎడమ కంట్లో దిగింది. కుడి కన్ను ఆమెకి చిన్నప్పుడే అమ్మవారు పోసి పోయింది. ఉన్నది ఆ ఒక్కటే.

"ముక్క తీసిన్రు గని చిల్లు మిగిలింది. కంట్ల నీళ్లు కారిపోతున్నయట. ఇయ్యాల పొద్దు వంగకముందే గా జిగురుతోటి మూస్తమని డాక్టరమ్మ చెప్పింది. ఆలస్యమైతే కన్ను కుళ్లుతదట. జిగురు పోస్తే కాలుతది. నేనేం జెయ్యాలె సార్?"

కొమురెల్లి ఉద్యోగంలో ఎవరికీ మాటివ్వడు. మాట నిలబడని ఉద్యోగం అది.

"నీ బిడ్డ కన్ను పోదు మొండన్నా," అన్నాడు. అని, బయటికొచ్చి మోటార్ సైకిల్ తన్నాడు.

క్యాంపుకి వెళ్లి ఆపరేషన్ ఆపితే సరిపోదు. అసలు జిగురు చేతిలో ఉండాలి. ముందు కోరుట్ల.

*

కోరుట్లలో బాలలక్ష్మి ఇంటిని ఎవరైనా చూపిస్తారు. నున్నటి పాలరాయి మెట్లు, నల్లద్దాల కిటికీలు, మేడ మీద డిష్. దుబాయ్ సొమ్ము ఎండలో మిలమిలలాడుతోంది. తలుపు తెరిచిన మనిషి ఇంట్లో కూడా చలువ కళ్లద్దాలు పెట్టుకుని ఉంది. నెమలికంఠం రంగు షిఫాన్ చీర, గుమ్మం దాకా తోసుకొచ్చే సెంటు వాసన.

"పడుగు నా దగ్గరున్నది," అన్నాడు కొమురెల్లి. మొండయ్య ఎప్పుడో సంపాదించి ఇచ్చిన కోడ్. "పేక దొరుకుతదా?"

"ఏ రంగు?"

"నీలం."

ఆమె నవ్వి, దారిచ్చింది. అతను లోపలికి అడుగు పెట్టగానే తలుపు మూసి గొళ్లెం పెట్టింది. తిరిగి చూసేసరికి ఆమె చేతిలో అరచేతిలో ఇమిడే పిస్తోలు ఉంది.

"కోడ్ మంచిగనే చెప్పినవ్ సేటూ. గని మనిషి రావాల్సింది రేపు. నువ్వు పోలీసోనివా, అన్నల మనిషివా, లేకుంటే నిజంగనే లుంగీలమ్ముకునేటోనివా?"

"మొండయ్య దోస్తుని. ఇయ్యాల తెల్లారంగ ఆయనకు కత్తిపోటు పడ్డది."

పిస్తోలు ఒక్క అంగుళం కిందికి దిగింది. "మొండన్నకా? ఉన్నడా?"

"ఉన్నడు. ఆయన బిడ్డ కంట్లె నకిలీ జిగురు పోస్తున్నరు. నువ్వు మార్చిన డబ్బాలే."

బాలలక్ష్మి కళ్లద్దాలు తీసింది. దుబాయ్‌లో ఎనిమిదేళ్లు నర్సు. కళ్ల చుట్టూ కాటుక కంటే నిద్రలేమే ఎక్కువ ఉంది.

"నేను డబ్బాలు మోసేదాన్ని. ఎవరి కంట్ల ఏం పోస్తరో నాకు చెప్తరా? దుబాయ్‌ల జ్వరంతోటి పడిపోతే మొండన్న నన్ను ఎత్తుకపోయి దవాఖాన్ల ఏసిండు. గా మనిషి బిడ్డ అని తెలిస్తే ముట్టుకుందునా?"

"అయితే ఇప్పుడు అసలు సీసా ఇయ్యి."

"ఇస్తే నాకేందట? బల్లి తాన నా పాస్‌పోర్టున్నది. మూడేండ్లాయె. ఫోన్ల గొంతు మార్చి ఇంగ్లీషుల మాట్లాడుడే గని మనిషిని ఎన్నడు చూడలే. ఈడ జలగోళ్లకు సరుకు మోస్త, ఆడ బొంబాయి కస్టమ్సోళ్లకు జరంత ముచ్చట చెప్త. రెండు పడవల మీద కాళ్లు పెట్టి బతుకుతున్న సేటూ. ఏ పడవ మునిగినా పొయ్యేది నేనే."

"వాడు క్యాంపుల ఉన్నడు. నాతోటి రా. పాస్‌పోర్టు నువ్వే తీస్కో."

ఆమె వానిటీ బ్యాగ్‌లోంచి నీలం మూత సీసా తీసి అతని చేతిలో పెట్టింది. "పద."

కొమురెల్లి కదల్లేదు. సోఫా దిండు చిరుగులోంచి దూది పీకి, మీద ఒక చుక్క వేశాడు.

సుయ్యిమంది. పొగ.

బాలలక్ష్మి పకపకా నవ్వింది. "చూస్తవో, గుడ్డిగ నమ్మి పోతవో అని పరీక్ష చేసిన. నమ్మెటోని ఎంట పోతే ఇద్దరం సస్తం." ఈసారి పౌడరు డబ్బాలో చెయ్యి పెట్టి ఇంకో సీసా తీసింది. చుక్క దూది మీద పడి, కాసేపు తడిగా మెరిసి, మెల్లగా గాజులా బిగిసింది. వేలు పెడితే గోరువెచ్చగా ఉంది, అంతే.

"ఇప్పుడు పద," అన్నాడు కొమురెల్లి. "షిఫాన్ చీర కాదు. మీ అమ్మది ముతక చీర కట్టుకో. ఏడ్వడం వచ్చునా?"

"ఆడదాన్ని అడిగే మాటేనా అది?"

*

బంద్ రోజున ఆ రోడ్ల మీద తిరగగలిగేది ఒక్కరే. చావు కబురు అందుకుని పోయేవాళ్లు. వాళ్లని పోలీసులు ఆపరు, అన్నలూ ఆపరు. కొమురెల్లి లుంగీ ఎగ్గట్టి, నెత్తికి తెల్లగుడ్డ చుట్టాడు. వెనక సీటు మీద బాలలక్ష్మి జుట్టు విరబోసుకోబోతే ఆపాడు. సీసా ఆమె కొప్పులో ఉంది.

కథలాపూర్ పోలీసు చెక్ పోస్టు దాటారు. రుద్రంగి పొలిమేరలో మాత్రం రోడ్డుకడ్డంగా చింతచెట్టు పడి ఉంది. దాని వెనక నుంచి ఇద్దరు లేచారు. ఒకడి చేతిలో తపంచా, నాటు పిస్తోలు. రెండో మనిషి ఇరవై ఏళ్లు కూడా నిండని అమ్మాయి, భుజాన త్రీ నాట్ త్రీ తుపాకీ.

"ఏడికి?"

"సిరిసిల్లకు అక్కా. మామ సచ్చిపోయిండు," అన్నాడు కొమురెల్లి.

"ఓ నాయినా! నన్నిడిశి ఎట్ల పోయినవే నాయినా! సాంచె నేసుకుంటనే ఊపిరిడిస్తివా నాయినా!" బాలలక్ష్మి గుండెలు బాదుకుంటూ రాగం అందుకుంది. కొమురెల్లికే ఒళ్లు జలదరించింది.

అమ్మాయి ఆ రాగం వింటూనే అతని మూట విప్పింది. లుంగీల మధ్య ఫారిన్ సిగరెట్ ప్యాకెట్ దొరికింది. లోపల సిగరెట్లు రెండే. మిగతాదంతా ట్రాన్స్‌మీటర్. నిన్నే బ్యాటరీ అయిపోయి ఆ ట్రాన్స్‌మీటర్ ఎవరికీ పలకడం లేదు, అయినా అది పట్టుబడితే ఇద్దరి శవాలూ ఈ చెట్టు పక్కనే పడుకుంటాయి.

"నోట్లె బీడీ, మూటల ఫారిన్ సిగరెట్. ఎవలు నువ్వు?"

తపంచా కొమురెల్లి నుదుటికి లేచింది. అతని నడుములో పిస్తోలుంది. తీయడానికి ఎంత సమయం పడుతుందో అతనికి తెలుసు, తపంచా పేలడానికి అంతకంటే తక్కువ పడుతుందనీ తెలుసు.

"నా నాయినదే అది!" బాలలక్ష్మి బండి దిగి నేల మీద కూలబడింది. "దుబాయ్‌కెళ్లి తెస్తవా బిడ్డా అన్నడే! ఒక్క దమ్ము దొరల లెక్క కొట్టి సస్త అన్నడే! పాడె మీదన్న పెడదామని తీస్కపోతున్ననే!"

అమ్మాయి తపంచాని చేత్తో కిందికి నొక్కింది. కళ్లు పక్కకి తిప్పుకుంది. ఆమెకీ ఎక్కడో ఒక నాన్న ఉండి ఉంటాడు.

"పోనియ్యి అన్నా."

"సచ్చినోనికి సిగరెట్లెందుకు?" అన్నాడు తపంచా వాడు, ప్యాకెట్ జేబులో వేసుకుంటూ. "బతికినోళ్లు తాగుతరు తియ్యి."

చెట్టు పక్క నుంచి బండి బురదలోకి దిగి మళ్లీ రోడ్డెక్కింది.

"గవర్నమెంటు ఆస్తి పోయింది," గొణిగాడు కొమురెల్లి.

"పానం ఉన్నది గద, నడువు," అంది బాలలక్ష్మి కళ్లు తుడుచుకుంటూ. "పొద్దు వంగుతంది."

*

మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచె అంటారు. సాంచెల చప్పుడు లేకపోతే ఆ ఊరికి గుండె ఆగినట్టు ఉంటుంది. నిన్నటి నుంచి కరెంటు లేదు. మరమగ్గాల షెడ్లన్నీ మూగవోయాయి. సాంచెల యజమాని బుచ్చయ్య ఇల్లూ, షెడ్డూ ఒకే కప్పు కింద ఉన్నాయి. కంటి క్యాంపుకి ముందు గదులు రెండూ ఇచ్చాడు. ఆపరేషన్ గదికీ షెడ్డుకీ మధ్య ఒక తలుపు, గాలి కోసం తెరిచి ఉంది.

కొమురెల్లి గుమ్మంలోకి వచ్చేసరికి పడమటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా ఒక బల్ల మీద పడుతోంది. బల్ల మీద భూదేవి. ఆమె తల కదలకుండా పట్టుకుని ఉంది నర్సక్క, బుచ్చయ్య భార్య. కంటి మీదికి వంగి ఉన్నావిడ సర్జన్, డాక్టర్ రాధమ్మ. ఒక పక్కన వీడియో కెమెరాతో లార్సెన్, విదేశీ పరిశీలకుడు. షెడ్డు తలుపు దగ్గర సూటు, గడ్డం, రంగుటద్దాలు. మిస్టర్ మాథుర్, ట్రయల్స్ పర్యవేక్షించడానికి మొన్నే ఢిల్లీ నుంచి దిగిన అధికారి. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని ఉన్నాడు.

రాధమ్మ చేతిలో సన్నటి సూది. సూది కొస మీద చుక్క. చుక్క కింద భూదేవి కన్ను.

అరిస్తే భూదేవి ఉలిక్కిపడుతుంది, చుక్క పడుతుంది. చేయి పట్టుకుంటే సూది దిగుతుంది. కొమురెల్లి పిల్లిలా నాలుగంగల్లో బల్లని చేరాడు. ట్రేలోని దూది ముద్దని అరచేతిలో వేసుకుని, ఆ చేతిని సూదికీ కంటికీ మధ్య చాపాడు.

చుక్క దూదిలో పడింది.

సుయ్యిమంది. అరచేయి నిప్పుని పట్టుకున్నట్టయింది. పళ్లు బిగపట్టి, చేతిని మెల్లగా పక్కకి జరిపి, అప్పుడు ఊపిరి వదిలాడు.

"ఎవరయ్యా నువ్వు!" అని మొదలెట్టిన రాధమ్మ పొగ చూసి ఆగిపోయింది. ఆమె మొహంలో రంగు పోయింది. "ఇది... దీన్నా నేను కంట్లో..."

"వాట్ నాన్సెన్స్! హూ ఈజ్ దిస్ మ్యాన్?" మాథుర్ గర్జించాడు. "త్రో హిమ్ అవుట్!"

కొమురెల్లి ఐడీ కార్డు చూపించాడు. "ఎవరూ బయటికి పోవద్దు. బుచ్చయ్యా, తలుపెయ్యి. బాలలక్ష్మీ, షెడ్డు తలుపు దగ్గర నిలబడు." కొప్పులోంచి వచ్చిన సీసాని దూది మీద పరీక్షించి రాధమ్మకి అందించాడు. పొగ లేదు. "అసలు సరుకు మేడమ్."

"అయామ్ ఇన్‌చార్జ్ హియర్! ఐ ఫర్బిడ్ ఇట్!" అన్నాడు మాథుర్. "యే క్యా తమాషా హై!"

"సార్, మీరు ఫర్బిడ్ చేస్తే సూర్యుడు ఆగడు," అంది రాధమ్మ కొత్త సూది తీస్తూ. "భూదేవీ, భయపడుతున్నావా అమ్మా?"

"లేదమ్మా," అంది భూదేవి. చేతులు మాత్రం బల్ల అంచుని పట్టుకుని తెల్లబడ్డాయి. "నాకు ఒక్కటే కన్నున్నది. జర చూసి చెయ్యున్రి."

నర్సక్క ఆమె నుదురు నిమిరింది. "నేనున్న గద బిడ్డా. రాయి లెక్క పండుకో."

రాధమ్మ స్పాంజితో చిల్లు చుట్టూ తడి అద్దింది. ఆరింది. మళ్లీ ఊరకముందే సూది కొస తాకించింది. ఆవగింజలో సగం చుక్క, సరిగ్గా చిల్లు మీద నిలబడింది.

"ఎవరూ కదలొద్దు," అంది గొంతు తగ్గించి. "నిమిషం. బల్ల అదిరినా చుక్క జారుతుంది. జారితే మళ్లీ చేసే వెలుతురు లేదు."

కొమురెల్లి చూపు ఒక్కొక్కరి మీదా తిరిగింది. లార్సెన్ మొహానికి కెమెరా అడ్డం. చెమటలు తుడుచుకుంటున్న బుచ్చయ్య. అసహనంగా వాచీ చూసుకుంటున్న మాథుర్. చివరికి రాధమ్మ. వీళ్లలో బల్లి ఎవరు? సాక్ష్యం లేదు. ఈ నిమిషం దాటితే మాథుర్ కారెక్కుతాడు, లార్సెన్ విమానమెక్కుతాడు.

అప్పుడు కరెంటు వచ్చింది.

షెడ్డులో బల్బులు భగ్గున వెలిగాయి. బుచ్చయ్య పొద్దున ప్రతి సాంచె హ్యాండిలూ తిప్పి ఆపానన్నాడు. తలుపు పక్కనున్న ఒక్కదాన్ని మరిచాడు. అది నిద్రలోంచి లేచిన దెయ్యంలా ఒక్కసారి అరిచింది. నేల అదిరింది. ట్రేలో కత్తెరలు గలగలమన్నాయి. బల్ల వణికింది.

"ఆపండీ!" రాధమ్మ కేక.

కొమురెల్లి దూకాడు. షెడ్డు తలుపు పది అడుగుల దూరం. అందుకోలేనని గాల్లో ఉండగానే తెలిసింది.

ఆ సాంచెలో పేక దారం మోసే షటిల్ పడుగు పోగుల నడుమ ఇరుక్కుని ఆగి ఉంది. అలా ఉండగా మరమగ్గం తిరిగితే వందల పోగులు ఒక్క దెబ్బకి తెగుతాయి. తెగే పోగుల చప్పుడు పట్‌మని వినిపించింది.

ఒక చెయ్యి హ్యాండిల్ మీద పడింది.

సాంచె ఆగిపోయింది. నేల ఆగింది. బల్ల ఆగింది.

రాధమ్మ కంటి మీదికి వంగి, చూసి, ఇంకా చూసి, అంది:

"అతుక్కుంది. నీరు ఊరడం లేదు."

"అమ్మా, కిటికీ కనవడుతంది," అంది భూదేవి. అప్పుడు గానీ ఆమె ఏడవలేదు.

కొమురెల్లి మాత్రం షెడ్డు తలుపు వైపే చూస్తున్నాడు.

అక్కడ మిస్టర్ మాథుర్ నిలబడి ఉన్నాడు. "దిస్ ఈజ్ హైలీ ఇర్రెగ్యులర్, ఐ విల్ రిపోర్ట్ ఎవ్రీ..." నోరు ఇంగ్లీషులో బెదిరిస్తూనే ఉంది. చేతులు వేరే పనిలో ఉన్నాయి. హ్యాండిల్ ఆపిన ఎడమచెయ్యి షటిల్‌ని బయటికి లాగింది. కుడిచేతి వేళ్లు తెగిన పోగు కొసల్ని చూడకుండానే పట్టుకున్నాయి. బొటనవేలు నాలుకకి తాకింది, పోగు మెలిపడింది, ముడి బిగిసింది. పంటితో కొస తెంపాడు. రెండో పోగు అందుకున్నాడు.

అంతా తననే చూస్తున్నారని అప్పుడు తెలిసింది. మాట మధ్యలో తెగింది. తన చేతుల్ని తను చూసుకున్నాడు, ఎవరివో అన్నట్టు.

ఆ చెయ్యి కోటు లోపలికి పోబోయింది. అంతకంటే ముందే చిన్న పిస్తోలు అతని మెడ వెనక ఆనింది.

"జేబుల పాస్‌పోర్టుంటదేమో, నేను తీస్త. నువ్వు కదలకు బల్లీ," అంది బాలలక్ష్మి. "మూడేండ్ల సంది ఫోన్ల ఇంగ్లీషుల బెదిరిస్తివి."

"ఐ యామ్ ఫ్రమ్ ఢిల్లీ! ఐ హావ్ నెవర్ సీన్ దిస్... దిస్ మెషీన్..."

"ఢిల్లీలో ఈ ముడి ఎవరు నేర్పుతారు సార్?" అన్నాడు కొమురెల్లి. కాలిన అరచేతిని ఊదుకుంటూ దగ్గరికి నడిచాడు. "పాపం, జలగ వాళ్లు మీకు అన్నీ నేర్పారు. ఆ కన్ను పోవాలని వచ్చింది మీరు. దాన్ని కాపాడిందీ మీరే. పడుగు తెగుతుంటే నేసే సాలోడి చెయ్యి ఊరుకోదు. మీ పేరు మాథుర్ కాదు. అసలు పేరేంటి?"

అతను మొహం పక్కకి తిప్పుకున్నాడు.

నర్సక్క భూదేవి తలని మెల్లగా దిండు మీద ఆనించి లేచింది. తలుపు దగ్గరికి వచ్చింది. ముడేసిన పోగుని రెండు వేళ్లతో మీటి చూసింది. తర్వాత సూటు మనిషి రంగుటద్దాలు తీసేసి, గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. ఆమె కళ్లలో ముందు ఆశ్చర్యం, తర్వాత నీళ్లు, ఆ తర్వాత నిప్పులు.

"మా అక్క కొడుకు," అంది అందరికీ వినబడేలా. "ఇరవై ఏండ్ల కింద బొంబాయి దిక్కు భీవండి సాంచెలల్ల పనికి పోయిండు, మల్ల రాలే. అక్క ఏడ్సి ఏడ్సి సచ్చిపోయింది." అతని చెంప మీద ఒక్కటిచ్చింది. "సూటేసినవ్, గడ్డం పెంచినవ్, నోటికి ఇంగ్లీషు నేర్పినవ్. చేతులకు గూడ నేర్పుకోవాలె గదరా, వెంకటేశం!"